ఎవరి ఇంటి క్రిస్మస్ బల్లకో మన నరసాపురం లేసు

నరసాపురం: క్రిస్మస్ దగ్గర పడింది. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు చుట్టుపట్ల గ్రామాల్లో ఇళ్ళకు సున్నాలు పడుతున్నాయి. పేటల్లో కుర్రవాళ్ళు వెదురు బద్దలు చీల్చి నక్షత్రాలు కట్టి రంగు కాగితాలు అంటిస్తున్నారు. రాత్రిళ్ళు పాటల జట్టు డప్పు, గిలకలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతోంది. అరిసెల పాకం వాసన వీధి మొదట్లోకే వస్తోంది. ప్రేమవిందుకు వంటపాత్రలు, శామియానాలు ముందుగానే మాట్లాడుకున్నారు.

ఇక్కడి సందడి ఇలా ఉండగా, ఈ గ్రామాల ఆడవారి చేతిపని మాత్రం ఎన్నో నెలల కిందటే ఓడ ఎక్కి పోయింది. ఇంగ్లండులోనో, ఫ్రాన్సులోనో, అమెరికాలోనో ఎవరి ఇంటి భోజనాల బల్ల మీదో తెల్లగా పరుచుకుని ఉంటుంది. పండుగ నాడు దాని మీద పళ్ళాలు, గాజు గ్లాసులు, కొవ్వొత్తులు పెడతారు. దాన్ని అల్లిన మనిషిని అడిగితే ‘ఫారిన్ పోతుంది’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఎవరు కొంటారో, ఏం చేసుకుంటారో ఆమెకు చెప్పినవారు లేరు. అందుకే ముందుగా ఆ బల్ల సంగతి రాయవలసి వచ్చింది.

మనకు విస్తరి, వారికి బల్ల

మన ప్రేమవిందులో బల్లతో పని లేదు. చాప పరిచి, బంతి కట్టి, విస్తరి వేస్తే సరిపోతుంది. ఇప్పుడు ఫంక్షన్లకు పొడుగు బల్లలు వచ్చినా వాటి మీద పరిచేది చుట్టగా వచ్చే కాగితమే. చలిదేశాల్లో అలా కాదు. డిసెంబరులో బయట మంచు, మధ్యాహ్నం నాలుగింటికే చీకటి. ఇంటిల్లిపాదీ ఒక గదిలో, ఒక బల్ల చుట్టూ చేరతారు. పండుగంతా ఆ బల్ల చుట్టూనే జరుగుతుంది. మన ఇళ్ళలో సంక్రాంతికి వాకిట్లో ముగ్గు ఎంత ముఖ్యమో అక్కడ క్రిస్మస్ కు బల్ల అలంకరణ అంత ముఖ్యం.

పోలండు దేశపు పద్ధతి మన పల్లెవారికి బాగా నచ్చుతుంది. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం బల్ల మీద తెల్లగుడ్డ పరుస్తారు. ఆ గుడ్డ కింద కాస్త ఎండుగడ్డి వేస్తారు. యేసు పశువుల తొట్టిలో గడ్డి మీద పవళించాడు గనుక ఆ గుర్తు. ఆకాశంలో మొదటి చుక్క కనిపించేదాకా పిల్లలు కిటికీ దగ్గర కాచుకుని ఉంటారు. చుక్క పొడిచాకే భోజనం. ఇంట్లో ఎందరుంటే అన్ని పళ్ళాలు పెట్టి, పైన ఇంకొకటి ఖాళీగా ఉంచుతారు. ఆ వేళకు తలుపు తట్టిన బాటసారి ఎవరైనా సరే ఆ పళ్ళెం దగ్గర కూర్చోవచ్చు.

జర్మనీలో పచ్చని కొమ్మలు గుండ్రంగా కట్టి బల్ల మధ్య పెట్టి నాలుగు కొవ్వొత్తులు నిలబెడతారు. క్రిస్మస్ కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికి ఒకటి చొప్పున వెలిగిస్తారు. 1839లో హాంబర్గు నగరంలో బీదపిల్లలకు ఆశ్రమం నడిపిన వీహెర్న్ అనే పాస్టరు దీనికి ఆద్యుడు. పండుగ ఇంకెన్నాళ్ళు, ఇంకెన్నాళ్ళు అని పిల్లలు ప్రాణం తీస్తుంటే ఆయన ఒక బండిచక్రం తెచ్చి, ఆదివారాలకు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు పెట్టించాడట. రోజుకొకటి వెలిగించి పిల్లలనే లెక్క పెట్టుకోమన్నాడు.

ఇంగ్లండు బల్ల మీద ముళ్ళ అంచు ఆకులు, ఎర్రటి పళ్ళు ఉన్న హాలీ కొమ్మ ఉంటుంది. పళ్ళెం పక్కన రంగుకాగితం చుట్టిన గొట్టం ఉంటుంది. ఇద్దరు చెరో కొస పట్టి లాగితే టపాకాయలా పేలి లోపలి నుంచి కాగితపు కిరీటం పడుతుంది. తాతలు, మామ్మలు కూడా అది నెత్తిన పెట్టుకునే భోంచేస్తారు. లండను మిఠాయి వ్యాపారి టామ్ స్మిత్ 1840లలో మొదలుపెట్టిన వ్యాపారం ఇది. అదే కాలంలో, 1848లో, విక్టోరియా రాణి కుటుంబం అలంకరించిన చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ ఒక పత్రికలో పడింది. దాంతో జర్మనీ వారి క్రిస్మస్ చెట్టు ఆ దేశంలో ఇంటింటికీ పాకింది.

ఇన్ని వస్తువులున్నా అన్నిటికన్నా కింద ఉండేది గుడ్డ. రోజూ వాడే గుడ్డ తీసేసి పెట్టెలోంచి మంచిది తీస్తారు. కొందరి ఇళ్ళలో అది మామ్మ నాటిది. ఎర్రగుడ్డ వేసి దాని మీద తెల్ల లేసు పరిస్తే పువ్వు పువ్వూ విడివిడిగా కనిపిస్తుంది. పళ్ళెం కింద ఒక గుండ్రటి లేసు, గ్లాసు కింద ఇంకా చిన్నది. ఈ గుండ్రటి వాటినే మనవారు డాయిలీలు అంటారు. నరసాపురం లేసు గొడౌన్లలో ఈ మాట తెలియని పసివాడు లేడు.

దుమ్ముగూడెం నుంచి డెల్టాకు

లేసు మన దేశపు పని కాదు. తెల్లదొరసానులు నేర్పిన పని. 1836లో ఇంగ్లండు నుంచి గ్రోవ్స్ అనే మిషనరీ వెంట వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం ప్రాంతంలో మిషను పని ప్రారంభించారు. అదే గోదావరి డెల్టా మిషను. గోదావరికి ఎగువన, ఇప్పుడు తెలంగాణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్న దుమ్ముగూడెంలో స్కాట్లాండు నుంచి వచ్చిన మెక్రే దంపతులు 1844 ప్రాంతంలో ఆడవారికి లేసు నేర్పారని చెబుతారు. అక్కడి నుంచి ఆ సూది గోదావరి వెంట కిందికి దిగి నరసాపురం చేరింది.

మిషను వారి ఆలోచన తేలికగానే అర్థమవుతుంది. కొత్తగా క్రైస్తవంలో చేరిన బీదకుటుంబాలకు భూమి లేదు. వానలు పడకపోతే కూలి లేదు. ఇంట్లో కూర్చుని చేసే పని ఒకటి ఉంటే గంజికైనా ఆధారం అవుతుందనుకున్నారు. దారం, సూది ఇచ్చి, అల్లిన సరుకు తమ దేశంలోని తెలిసినవారికి పంపి, డబ్బు తెప్పించి ఇచ్చారు. 1899 నాటి కరువులోను, 1929లో లోకమంతా వ్యాపారాలు పడిపోయినప్పుడు కూడా ఈ ప్రాంతంలో చాలా ఇళ్ళను నిలబెట్టింది లేసేనని పెద్దలు చెప్పుకుంటారు.

తరువాత పని పేటలు దాటింది. ఘోషా పాటించే కాపు కుటుంబాల ఆడవారు పొలం పనికి వెళ్ళేవారు కారు. లేసుకు గడప దాటనక్కరలేదు. అందుచేత అది వారి ఇళ్ళలోకి కూడా బాగా వెళ్ళింది. ఇప్పుడు కులం, మతం లెక్క లేదు. గోదావరి అవతల కోనసీమలో రాజోలు వైపు కూడా అల్లుతారు. తులసికోట పక్కన కూర్చున్న ఆమె, సిలువ బొమ్మ కింద కూర్చున్న ఆమె ఒకే బల్లగుడ్డలో చెరో వరుస పువ్వులు అల్లుతారు. ఇద్దరూ ఒకరినొకరు చూసి ఉండరు.

పువ్వు ఒకరిది, అతుకు మరొకరిది

లేసుకు కావలసిన పనిముట్టు ఒక్కటే. కొస వంకర తిరిగిన చిన్న ఇనుప సూది. నూలుదారాన్ని ఎడమచేతి వేలికి చుట్టి, కొక్కెంతో లాగి, ఒక ముడిలోంచి మరో ముడి తీస్తూ పోవాలి. మొదట గొలుసు, గొలుసు చుట్టి చక్రం, చక్రం మీద రేకులు. చెయ్యి తిరిగినవారు సూది వైపు చూడనే చూడరు. పొయ్యి మీద కూర, ఒళ్ళో పసిపిల్ల, నోట్లో కబుర్లు, చేతిలో లేసు.

ఒక గుడ్డ మొత్తం ఒకరే అల్లడం అరుదు. పువ్వులు అల్లడం, అంచులు అల్లడం చేతిపని. పువ్వులను కలపడం అతుకుపని. కాజాకట్టు పని వేరు. ఏజెంటు ఒక ఊళ్ళో దారం ఇచ్చి పువ్వులు తీసుకుంటాడు. ఆ పువ్వులను మరో ఊళ్ళో అతుకువారికి ఇస్తాడు. అన్నీ కలిశాక సరుకు పట్టణంలో గొడౌనుకు చేరుతుంది. అక్కడ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, కొలతలు చూసి, మరకలున్నవి వేరు చేసి పెట్టెల్లో సర్దుతారు. చేతులు ఇన్ని మారడం వల్ల ఒక చిత్రం జరుగుతుంది. పువ్వులు అల్లిన ఆమె పూర్తయిన గుడ్డను ఎన్నడూ చూడకపోవచ్చు.

లెక్క ఒకటి వేసి చూద్దాం. ఆరుగురు కూర్చునే బల్లకు అయిదడుగుల వెడల్పు, ఏడున్నర అడుగుల పొడవు గుడ్డ కావాలి. అంటే 60 అంగుళాలు, 90 అంగుళాలు. పువ్వు మూడు అంగుళాలదైతే అడ్డానికి 20, నిలువుకు 30. మొత్తం 600 పువ్వులు. ప్రతి పువ్వూ పక్కదానితో, కిందదానితో కలవాలి. ఆ కలిసే చోట్లు లెక్కిస్తే 1,150. చుట్టూ అంచు 25 అడుగులు.

ఇప్పుడు గడియారం పక్కన పెట్టుకోండి. పువ్వుకు ఇరవై నిమిషాలు పట్టిందనుకుంటే 600 పువ్వులకు 200 గంటలు. రోజుకు ఆరు గంటలు కూర్చున్నా పువ్వులకే నెల దాటుతుంది. అతుకు, అంచు దీనికి పైన. గుడ్డ ఖరీదు సంగతి అడిగేముందు ఈ 200 గంటలు ఎవరి ఖాతాలో రాశారో అడగాలి. సాధారణంగా ఎవరి ఖాతాలోనూ ఉండవు. కూలి కట్టేది ఖర్చయిన దారం లెక్కన గాని, పువ్వుల లెక్కన గాని తప్ప గంటల లెక్కన కాదు.

‘ఖాళీ వేళ పని’ అనే మాట

ఈ విషయం మొదట పుస్తకానికి ఎక్కించింది బయటి మనిషి. మరియా మీస్ అనే జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త 1978-79లో నరసాపురం ప్రాంతంలో ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీశారు. ఆమె రాసిన ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ 1982లో లండనులో అచ్చయింది. అనేక దేశాల విశ్వవిద్యాలయాల్లో దాన్ని చదువుతారు. నరసాపురం పేరు ఒక్క చేపల వల్లనో పడవల వల్లనో కాక ఈ పుస్తకం వల్ల కూడా దేశాంతరాల్లో తెలిసింది. ఆ పుస్తకం మన ఊళ్ళలో చూసినవారు మాత్రం తక్కువ.

ఆమె తేల్చిన సంగతి ఇది. లేసు అల్లే స్త్రీలు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆ పనిలోనే ఉన్నారు. అయినా ఇంట్లో మగవారు, ఏజెంట్లు, చివరకు సర్కారు కాగితాలు కూడా వారిని పనివారుగా లెక్కించలేదు. ‘ఇంట్లో ఉండేవారు, ఊసుపోక ఏదో అల్లుకుంటారు’ అన్నట్టు చూశారు. రోజంతా అల్లినా రూపాయి చేతికి రాని కాలం అది. పొలంలో ఊడ్చే కూలి మనిషికి అంతకన్నా ఎక్కువ వచ్చేది. అయినా నీడపట్టున కూర్చుని చేసే పని గనుక ఇదే గౌరవం అనుకునేవారు. తక్కువ కూలిని ఆ గౌరవమే కప్పిపెట్టింది. వ్యాపారంలో పైకి వచ్చినవారు దాదాపు అందరూ మగవారే.

నలభై ఏళ్ళు గడిచాయి. రూపాయి విలువ మారింది, కూలి రేట్లు మారాయి. మాట మాత్రం మారలేదు. లేసు అల్లే ఇంటికి వెళ్ళి ‘మీ అమ్మగారు ఏం చేస్తారు’ అని అడిగితే పిల్లవాడు ‘ఏమీ చెయ్యదండి, ఇంట్లోనే ఉంటుంది’ అంటాడు. అమ్మ చేతిలో సూది ఆడుతూనే ఉంటుంది. సాయంత్రానికి కళ్ళు మంటలు, మెడ పట్టేయడం, చూపుడువేలి మీద దారం కోసిన గీత ఉంటాయి. దీన్ని ఊసుపోక పని అనడం ఈ విలేఖరికి సమ్మతం కాదు.

మర లేసు, ఓడ బేరం

1990ల తరువాత ఇంకో చిక్కు వచ్చి పడింది. చైనా నుంచి మరల మీద తయారైన లేసు గుట్టలుగా బజారుకు వచ్చింది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు, ధర మాత్రం చాలా తక్కువ. విదేశీ వ్యాపారి ఆ ధర చూపించి ఇక్కడి ఎగుమతిదారును తగ్గించమంటాడు. ఎగుమతిదారు ఏజెంటును, ఏజెంటు అల్లే ఆమెను తగ్గించమంటారు. ఆమె తగ్గించమనడానికి కింద ఎవరూ లేరు.

నిజానికి ఈ కొక్కెపు అల్లికను అచ్చంగా అల్లే మర ఇంతవరకు రాలేదు. మర మీద వచ్చేది దాని పోలిక మాత్రమే. గుడ్డ తిరగేసి చూస్తే పట్టుబడుతుంది. చేతిపనిలో గొలుసు కుట్లు ఒకదానిలోంచి ఒకటి వస్తాయి. ఒక పువ్వుకు, పక్క పువ్వుకు వెంట్రుకవాసి తేడా ఉంటుంది. మరది అన్నీ ఒకే అచ్చు.

క్రిస్మస్ సరుకుతో ఇంకో ఇబ్బంది ఉంది. దానికి తేదీ ఉంది. డిసెంబరుకు దుకాణంలో ఉండవలసిన బల్లగుడ్డ మన ఊళ్ళో ఎండాకాలంలో మొదలై వానాకాలంలో ఓడ ఎక్కాలి. ఆలస్యమైతే జనవరిలో దాన్ని అడిగేవాడు ఉండడు. 2020లో కరోనా వచ్చి ఓడలు, దుకాణాలు మూతపడినప్పుడు ఈ పని ఎంతగా నిలిచిపోయిందో గ్రామాల్లో అందరికీ అనుభవమే. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. సరిగ్గా పండుగ సరుకు పంపే నెలల్లోనే ఆ దెబ్బ తగిలింది. వాషింగ్టనులో సంతకం పెడితే మొగల్తూరులో దారం ఉండ కదలక ఆగిపోతుంది.

పేరుకు రక్షణ వచ్చింది, కూలికి?

2024లో నరసాపురం లేసు అల్లికకు భౌగోళిక గుర్తింపు లభించింది. తిరుపతి లడ్డూకు, పోచంపల్లి చీరకు ఉన్నలాంటిదే. ఈ ప్రాంతంలో, ఈ పద్ధతిలో అల్లిన దానికే ఆ పేరు పెట్టి అమ్మాలి. మర లేసుకు నరసాపురం చీటీ అంటిస్తే చట్టప్రకారం నేరం. రిజిస్ట్రేషను పదేళ్ళు ఉంటుంది, తరువాత మళ్ళీ చేయించుకోవాలి.

గ్రామాల్లో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఒకటుంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన ఆ ముద్ర అందరూ వాడుకోలేరు. అల్లే వ్యక్తి గాని, సంఘం గాని ‘అధీకృత వినియోగదారు’గా పేరు నమోదు చేయించుకోవాలి. వ్యాపారులు ఎలాగూ చేయించుకుంటారు. ఆడవారి పొదుపు సంఘాలు కూడా చేయించుకుంటేనే నేరుగా అమ్ముకునే వీలుంటుంది. చేతివృత్తివారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు కూడా లేసువారు తీసుకోదగినదే. దాని మీద పేరు, వృత్తి రాసి ఉంటాయి. ‘ఏమీ చెయ్యదు’ అనేవారికి చూపించడానికైనా పనికొస్తుంది. మండల కార్యాలయాల్లో అధికారులు పండుగ వెళ్ళాక ఒక పూట గ్రామాల్లో కూర్చుని ఈ దరఖాస్తులు నింపించగలిగితే బాగుంటుంది. అల్లేవారు కూడా ఒక చిన్న నోటుపుస్తకం పెట్టి ఇన్ని పువ్వులు, ఇన్ని గంటలు, ఇంత దారం అని రాసుకోవడం మంచిది. బేరం దగ్గర నోటిలెక్క నిలవదు.

మన ఇంటి బల్ల మాట

దేశాలన్నిటికీ బల్లగుడ్డలు పంపే గ్రామాల్లో సొంత ఇంట్లో లేసు పరుచుకునేవారు కొద్దిమందే. గుడిలో ప్రభుబల్ల మీద గుడ్డకు మాత్రం చుట్టూ లేసు అంచు ఉంటుంది. సంఘంలో స్త్రీలే అల్లి ఇస్తారు. దానికి కూలి లేదు, వారు అడగరు కూడా.

ఇంట్లో చిన్న బల్ల ఒకటున్నా ఈ పండుగకు ముస్తాబు చేసుకోవచ్చు. నరసాపురం, పాలకొల్లు దుకాణాల్లో చిన్న డాయిలీలు దొరుకుతాయి. పాత ఎర్రచీర కొంగు ఒకటి ఉతికి కింద పరిచి, పైన తెల్ల లేసు వేసి, మధ్యన ఇత్తడి చెంబులో నాలుగు బంతిపూలు, రెండు మామిడి కొమ్మలు పెడితే చాలు. హాలీ కొమ్మ మనకు దొరకదు, అక్కర కూడా లేదు. పక్కన పళ్ళెంలో అరిసెలు, గులాబి గుత్తులు, కేకు.

లేసును బండకేసి బాదకూడదు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి, చేత్తో ఒత్తి, పిండకుండా తువ్వాలులో చుట్టి నీరు తీయాలి. గంజి పలచగా ఉండాలి. చిక్కగా పెడితే పువ్వుల కన్నాలు మూసుకుపోతాయి. తడి పూర్తిగా ఆరకముందే తిరగేసి, పైన పలచటి గుడ్డ వేసి ఇస్త్రీ చేయాలి. కొవ్వొత్తిని గుడ్డ మీద నేరుగా నిలబెట్టకుండా పళ్ళెంలోనో గాజు గ్లాసులోనో ఉంచాలి. మైనం పడితే గోటితో గీకవద్దు, దారం తెగుతుంది. కింద ఒకటి, పైన ఒకటి పాత కాగితం వేసి వెచ్చటి ఇస్త్రీపెట్టె ఆనిస్తే మైనం కాగితానికి పట్టి వచ్చేస్తుంది.